అడగకుండా రాసిన జవాబులు

ఫిబ్రవరి 12

మావయ్యా,

ఈ కవరు చూడగానే "దీని ఫోను చెడిపోయిందా ఏం?" అని అమ్మతో అంటావని తెలుసు. ఫోను బాగానే ఉంది. నోటితో తిట్టుకున్నవి గాలికి పోతాయి, కాగితం మీద తిట్టుకున్నవి మనవలక్కూడా పనికొస్తాయని చెప్పింది నువ్వే కదా. అందుకే ఉత్తరం, దాంతోపాటు ఈ కట్ట.

కట్టలో నలభై కాగితాలున్నాయి. నేను సాయంత్రాలు పనిచేసే ఆఫీసు సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. ఎన్నికల ముందు జనం మనసులో ఏముందో అడిగి రాసుకునే ఆఫీసు. రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు, మూడో అంతస్తులో మేము. జనం నోళ్ళు తెరిపించడమే ఇద్దరి పనీ. మాకు ఒకేసారి ఇద్దరు డబ్బిస్తున్నారు, ఒక పార్టీ, ఒక మద్యం సీసాల కంపెనీ. అందుకని ఒకే కాగితంలో రెండు రకాల దాహాల గురించీ అడుగుతున్నాం. ఏం తాగుతారు? పోయినేడు కంటే ఇల్లు గడవడం తేలికైందా, కష్టమైందా? ఓటు పాత మెంబరుకా, పంతులమ్మకా? ఎందుకు? చివర్లో "అడిగినవారి గమనిక" అని నాలుగు గీతలు.

మేం నలుగురం తాత్కాలికంగా ఉన్నాం. ఎన్నికలయ్యాక ఒక్కరినే ఉంచుకుంటారు. ఆ ఒక్కరూ నేనైతే ఇంకో రెండేళ్ళు ఇక్కడ చదువుకోవచ్చు. కాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. నాకు మన వార్డే ఇచ్చారు, కానీ సరిగ్గా ఆ వారమే నా పరీక్షలు. నీ బారు కౌంటరు ముందు రోజూ నిలబడేవాళ్ళే నలభై మంది ఉంటారు కదా. నువ్వు అడుగు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయి. అడిగింది నేనేనని సంతకం నేను పెడతాను.

నిబంధన ప్రకారం ఇది తప్పే. తెలిసి చేసే ఇలాంటి తప్పుకి "అతిక్రమణ" అని ఎంత చక్కటి మాట ఉందో చూడు. పలుకుతుంటేనే గోడ దూకినట్టుంటుంది.

ఒక్కటే షరతు. అడుగు, నేర్పకు.

నీ ముద్దుల
మేనకోడలు

—

ఫిబ్రవరి 25

ఒసేయ్ కోడలా,

నీ కట్ట అందింది. అందిన రోజు మా ఓనరు చూసి "ఏమిటా కాగితాలు, ఉద్యోగం మానేస్తున్నావా?" అన్నాడు, ఆశగా. నలభై కాగితాలూ నింపి పంపుతున్నాను. చిరిగినవి లేవు, తడిసినవి రెండున్నాయి. బార్లో ఏ కాగితం పొడిగా ఉంటుంది చెప్పు.

నీ ఆఫీసు వాళ్ళని చూస్తే నవ్వొస్తోంది. మనిషి ఏం తాగుతాడో తెలిశాక మిగతా ప్రశ్నలు దేనికే? ఇరవై రెండేళ్ళుగా పోస్తున్నాను, నేను మాత్రం వేడినీళ్ళు తాగుతూ. మత్తులో ఉన్నవాళ్ళ మధ్య మత్తు లేనివాడికి కళ్ళు నాలుగుంటాయి. విను.

బ్రాందీ తాగేవాడు ఒళ్ళు బాగుండటానికి తాగుతున్నానంటాడు. పరువు గలవాణ్ణని వాడి నమ్మకం. మన వీధి మంగలి కత్తెర ఈ కోవే. చెయ్యి కలిపి "బాగున్నావా?" అన్న ప్రతివాడికీ ఓటేస్తాడు. పాత మెంబరుకి ఉన్న పనల్లా చెయ్యి కలపడమే.

రమ్ము తాగేవాడు అరుస్తాడు. బస్సు డిపోలో మెకానిక్కు గ్రీజు ఉన్నాడు చూడు, తాగితే సమ్మె అంటాడు, దిగితే సలాం కొడతాడు. డిపో అమ్మేస్తారని గోల పెడతాడు, అమ్మేవాడికే ఓటేస్తాడు.

బీరు తాగేవాడు పిసినారి. రిటైరైన తపాలా ఆయన ఒక్క సీసా పెట్టుకుని రెండు గంటలు మా పేపరు చదువుతాడు. ఐసు వద్దంటాడు. ఐసు వేస్తే బీరు తక్కువ పడుతుందని లెక్క. పింఛను ఆగకుండా ఇచ్చేవాడే ఆయనకి దేవుడు.

జిన్ను తాగేవాళ్ళు దొంగలు. నర్సమ్మ డ్యూటీ దిగి వస్తుంది, సీసా సంచిలో వేసుకుని తల వంచుకుని పోతుంది. భయపడేవాళ్ళు ఎప్పుడూ ఉన్నవాడికే వేస్తారు, కొత్తవాళ్ళకి వెయ్యరు.

పంతులమ్మకి వీళ్ళలో ఒక్కడు కూడా వెయ్యడు. గెలిస్తే ఎనిమిదింటికల్లా బార్లు మూయిస్తానని ఆవిడ గల్లీ గల్లీ తిరిగి చెబుతోంది. తన నోటి దగ్గరి గ్లాసు తానే లాక్కునే వెధవ ఎక్కడన్నా ఉంటాడా?

ఇంత తెలిసినవాణ్ణి, అయినా నీ మాట మీద ఒక్కొక్కణ్ణీ అడిగాను. పరీక్షలు బాగా రాయి. అక్క కులాసా.

మీ మావయ్య

—

మార్చి 8

మావయ్యా, మావయ్యా!

మా పెద్దసారు నా కాగితాలు అందరి ముందూ చదివాడు. "ఇన్నేళ్ళలో ఇంత ప్రాణం ఉన్న జవాబులు చూడలేదు" అన్నాడు. మిగతా ముగ్గురి కాగితాల్లో "అవును, కాదు, తెలియదు" తప్ప ఏమీ లేవు. నీ కాగితాల్లో మనుషులున్నారు! కత్తెర అన్న మాట పేపర్లో కూడా పడింది. కటింగు పంపుతున్నాను. "దేశం ఎలా ఉందో నా కుర్చీలో కూర్చున్నవాడి మెడ చెబుతుంది. రెండు వారాలకోసారి వచ్చేవాడు ఆరు వారాలకి వస్తున్నాడు. ధరలు పెరిగితే ముందు పెరిగేది జుట్టు." ఎంత గొప్పగా అన్నాడు! కింద "ఒక క్షురకుడు" అని వేశారు. ఎకనామిక్సులో మూడు చాప్టర్లు చదివినా నాకు తట్టని ముక్క, బ్రాందీ తాగే మనిషికి తట్టింది.

నీ కాగితాలన్నీ నా చేతిరాతలోకి ఎక్కించి ఇచ్చాను. నీవి తిరిగి పంపుతున్నా, దాచి ఉంచు.

నీ మాటలు నాకు అంటుకున్నాయి. నిన్న హాస్టలు మెస్సులో ఒకమ్మాయి కాఫీలో మూడు చెంచాల పంచదార వేసుకుంటుంటే, ఇదెవరికి ఓటేస్తుందో నాకు తెలిసిపోయింది. జనాన్ని పైనుంచి చూడటంలో ఒక సుఖం ఉంది సుమా. మేడెక్కినట్టు.

పెద్దసారు ఇంకో నాలుగు ముక్కలు కావాలన్నాడు. డిపో అమ్మకం గురించి గ్రీజు ఏమంటాడు? నర్సమ్మ ఆస్పత్రిలో మందుల ధరల గురించి ఏమైనా అంటుందా? అడిగి రాయి. కత్తెరకి నా నమస్కారాలు చెప్పు.

గాల్లో తేలుతున్న
నీ కోడలు

—

మార్చి 17

కోడలా,

తేలింది చాలు, కిందికి దిగు.

నీ కటింగు కత్తెరకి చూపించాను. రెండుసార్లు చదివాడు. కాసేపు నన్ను చూశాడు. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటికల్లా అద్దాల ఫ్రేము కట్టించి షాపులో తగిలించాడు! "పేపర్లో పడ్డ మంగలి" అని పక్క వీధుల వాళ్ళు కూడా గడ్డం గీయించుకోవడానికి వస్తున్నారు. నాకు తెలుసు, వాడు అన్నాడో లేదో వాడికే గుర్తుండదు. మూడో పెగ్గు తర్వాత వీళ్ళకి అభిప్రాయాలు ఎవరిచ్చినా ఒకటే. మనం ఏది నోట్లో పెడితే అదే వాళ్ళ మాట. అలాంటివాళ్ళ ఓట్లు లెక్కపెట్టడానికి ప్రభుత్వం ఇంత ఖర్చు పెడుతోంది.

నువ్వడిగిన ముక్కలు ఇవిగో. గ్రీజు: "డిపో అమ్మినా బస్సు పొగే వదులుతుంది, నేను దగ్గుతూనే ఉంటాను." నర్సమ్మ: "సూది నొప్పి ఒక్క క్షణం, మందుల చీటీ నొప్పి నెలంతా." బాగున్నాయా?

నువ్వు నన్ను మరీ పొగుడుతున్నావు. వాళ్ళ గొప్పేముంది, రాసినవాడిది గానీ.

మా సంగతంటావా, సీసా చిక్కిపోయింది, ధర లావెక్కింది. ఫుల్లు పెగ్గు అడిగేవాడు హాఫుకి దిగాడు, హాఫు వాడు సోడా ఎక్కువ పొయ్యమంటున్నాడు. దీన్ని నువ్వు ఆర్థిక శాస్త్రమంటావు, నేను ఏడుపంటాను.

మావయ్య

—

ఏప్రిల్ 2

మావయ్యా,

నీ వినయం నాకు తెలుసులే. "రాసినవాడిది గానీ" అన్నావు. చెప్పింది చెప్పినట్టు రాయడం కూడా కళే, ఒప్పుకుంటాను.

ఇక్కడ పెద్ద గొడవ జరిగింది. మా నలుగురిలో బొద్దుగా ఉండే ఒకబ్బాయి ఉన్నాడు. మేం బుడగ అంటాం. వాడు ఎవరి గుమ్మమూ తొక్కకుండా పార్కు బెంచీ మీద కూర్చుని అరవై కాగితాలూ సొంతంగా నింపేశాడు. తనిఖీ ఆయన వెళ్ళి అడిగితే ఒక్క ఇంటివాళ్ళూ "మమ్మల్ని అడిగారు" అనలేదు. బుడగని వెళ్ళగొట్టారు. వెళ్తూ మెట్ల మీద నన్నాపి, "అడిగితే మాత్రం నిజం చెబుతారా ఏం?" అన్నాడు. నేను ఊరుకోలేదు. "వాళ్ళ నోట్లో నీ మాట కుక్కడం కంటే వాళ్ళ జేబులో చెయ్యి పెట్టడం నయం. దొంగకి కనీసం అవతల ఒక మనిషి ఉన్నాడన్న గుర్తింపైనా ఉంటుంది" అన్నాను. ఆ వాక్యం నాకే ఎంత నచ్చిందో, నోటుబుక్కులో రాసుకున్నాను.

ఇప్పుడు మిగతా ముగ్గురి కాగితాలూ తనిఖీ చేస్తారట. పోలింగుకి రెండు రోజుల ముందు, ఏప్రిల్ 10న తనిఖీ ఆయన మీ బారుకి వస్తాడు. నలభైలో తనకి తోచిన పది మందిని పట్టుకుని అవే ప్రశ్నలు అడుగుతాడు. ఎనిమిది కలిస్తే ఉద్యోగం నాదేనని పెద్దసారు మాటిచ్చాడు. కలవకపోతే బుడగ దారే నాదీ.

నాకేం భయం? నువ్వు అడిగావు కదా. నేనే వచ్చి అడిగానని మాత్రం వాళ్ళ చేత చెప్పించు. ఆ ఒక్క అబద్ధం మనిద్దరిదీ.

ధీమాగా,
నీ కోడలు

—

ఏప్రిల్ 11

అమ్మడూ,

ఇది చదివి చింపెయ్యి. ముందు కూర్చో.

నేను ఒక్కణ్ణి కూడా అడగలేదు. నలభై కాగితాలూ మధ్యాహ్నాలు షాపు ఖాళీగా ఉన్నప్పుడు నేనే నింపాను. జుట్టు మాట నాది. సూది మాట నాది. నీ బుడగ బెంచీ మీద చేసింది నేను కౌంటరు మీద చేశాను. అడగడం దండగనుకున్నాను. నీ ఉత్తరంలో దొంగే నయమన్న ఆ వాక్యం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు.

పోలింగుకని నిన్నా ఇవాళా మందు అమ్మకూడదని చట్టం. ఓనరు షట్టరు దించి అత్తారింటికి పోయాడు. నిన్న పొద్దున్న గ్లాసులు కడుగుదామని వెనక తలుపు తీసుకుని వెళ్ళాను. పదకొండయ్యేసరికి ఒక్కొక్కడే పెరట్లోకి వచ్చి ఖాళీ డబ్బాల మీద కూర్చున్నాడు. మందు దొరకదని తెలుసు, అయినా వచ్చారు. చట్టం తలకి తెలుస్తుంది, కాళ్ళకి తెలియదు. ఇన్నేళ్ళలో వీళ్ళని ఎండలో, మత్తు లేకుండా చూడటం ఇదే మొదలు. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

తనిఖీ ఆయన మూడింటికి వస్తాడు. నాకు వేరే దారి లేదు. రానివాళ్ళకి కబురు పంపించి, నువ్వు తిరిగి పంపిన కాగితాలు తెచ్చి, సంగతి చెప్పాను.

"అంటే మేం ఏమన్నామో నువ్వు రాశావన్నమాట" అన్నాడు గ్రీజు. "ఏమన్నామట?"

చదవక తప్పింది కాదు. చివర్లో "అడిగినవారి గమనిక" అని నేను నింపిన నాలుగు గీతలు వదిలేద్దామనుకున్నాను. కత్తెర పక్కకొచ్చి నిలబడి, వేలు పెట్టి, "ఇది కూడా" అన్నాడు.

కోడలా, ఒక మనిషి గురించి అతని ముందు, తాగని మనిషి ముందు, పగటిపూట అలాంటివి చదవడం నా శత్రువుక్కూడా వద్దు. తపాలా ఆయన ఐసు లెక్క విని పెదవి పక్కకి లాగి చూపించాడు. "పన్ను బాబూ. కింద, ఎడమ పక్క. చల్లటిది తగిలితే ప్రాణం పోతుంది. ఇరవై ఏళ్ళుగా నీ ఎదురుగా కూర్చున్నాను, ఒక్కసారి అడిగితే చెప్పేవాణ్ణి కదా."

నర్సమ్మకి కబురు వెళ్ళి ఆవిడా వచ్చింది. "దొంగ" అని రాశాను కదా. విని పకపకా నవ్వింది. "నేను తాగడమా! మా అత్తగారికయ్యా. ఎనభై రెండేళ్ళు. పొద్దు గుంకేసరికి నేను తేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. తల వంచుకోక, ఊరేగింపుగా తీసుకెళ్ళమంటావా?"

గ్రీజు మాత్రం నవ్వలేదు. సమ్మె, సలాం ముక్క విని చేతులు చూసుకున్నాడు. "నలభైలో ఇదొక్కటి సరిగ్గా రాశాడురా. నా ఖర్మ" అన్నాడు. తప్పు రాసినవాటికంటే అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇక కత్తెర. "నీ మాట ఫ్రేము కట్టించావు కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అది నా మాట కాదని నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు. "తాగితే నోరు తడబడుతుంది గానీ జ్ఞాపకం తడబడదురా. బేరం వస్తోందని ఊరుకున్నాను. అయినా ఏం మాట అది? జుట్టు పెరగడం ఎక్కడ చూశావు? జుట్టు ఎవరూ పెంచడం లేదు. ఇళ్ళల్లో పెళ్ళాలు కోస్తున్నారు. వీధిలో వంకరటింకర తలలు ఎక్కువయ్యాయి, నాలుగు కళ్ళున్నాయంటావుగా, నీకు కనిపించలేదా? సరిచేయమని నా దగ్గరికొస్తారు, సిగ్గుపడుతూ. నన్నడిగితే అది చెప్పేవాణ్ణి."

తల ఎత్తి చూస్తే పెరట్లో ఆరు వంకర తలలున్నాయే.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"నీ కోసమైతే సోడా సీసా నీ నెత్తిన పగలగొట్టి పోయేవాళ్ళం" అన్నాడు గ్రీజు. "ఆ పిల్ల చదువు కాబట్టి వింటున్నాం. ఎవరిది వాళ్ళకి ఇయ్యి, బట్టీ పడతాం."

పట్టారు. బడిపిల్లల్లా పెరడంతా తిరుగుతూ పట్టారు. తనిఖీ ఆయన వచ్చాడు, సన్నగా, చంకలో ఫైలుతో. పది మందిని పిలిచాడు. పదికి పది కలిశాయి. "అడిగిందెవరు?" అంటే "చదువుకునే అమ్మాయి, చాలా మర్యాదగా అడిగింది" అన్నారు. తపాలా ఆయన ఓటు పాత మెంబరుకేనని చెప్పి, ఆవేశం పట్టలేక జిందాబాద్ కూడా కొట్టాడు. తనిఖీ ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

వెళ్ళాక అడిగాను, "నిజంగా ఎల్లుండి ఎవరికి వేస్తార్రా?" అని. "అది నీ కాగితంలో ఉందిగా" అని లేచి పోయారు.

ఉద్యోగం నీదే. మిగతాది నా పాపం.

మావయ్య

—

ఏప్రిల్ 19

మావయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. చింపలేదు.

ఫలితాలు మీరూ చూసే ఉంటారు. మన వార్డులో పంతులమ్మకి మూడింతలు ఎక్కువ వచ్చాయి. మా ఆఫీసు జోస్యం ఊరంతటా నిలబడి, ఒక్క మీ కౌంటరు దగ్గర బోర్లా పడింది. పెద్దసారు నా కాగితాలు ముందేసుకుని, "తనిఖీలో పదికి పది కలిశాయి, కాబట్టి కాగితం తప్పు కాదు. జనమే అబద్ధాలకోర్లు. ఇలాంటి జనానికి ఎన్నికలు దేనికి?" అన్నాడు. అచ్చం మీలాగే అన్నాడు. అదే గొంతు.

ఉద్యోగం కాగితం నా చేతికిచ్చారు. నా పేరు అందులో చాలా అందంగా టైపు చేశారు.

మీరు మనుషుల్ని చదివారనుకున్నాను. మీరు చదివింది సీసాల మీది చీటీలు. ఇరవై రెండేళ్ళు ఒక మనిషి ఎదురుగా నిలబడి అతని పన్ను నొప్పి తెలుసుకోలేని వాళ్ళని ఏమనాలో నాకు తెలిసిన మాటల్లో వెతికాను. దొరికినవన్నీ మీకు ఎక్కువే. వేడినీళ్ళు తాగినంత మాత్రాన మత్తు ఉండదనుకున్నారు. మీకెక్కినంత మత్తు ఆ పెరట్లో ఎవరికీ ఎక్కలేదు.

నేనూ తక్కువేం కాదు. బుడగకి చెప్పిన వాక్యం నోటుబుక్కులో ఉంది, నా చేతిరాతలోకి ఎక్కించిన నలభై అబద్ధాలూ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. రెంటి అక్షరాలూ ఒకటే.

అమ్మకి ఈ సంగతి చెప్పకండి.

ఇట్లు

—

ఏప్రిల్ 25

కోడలా,

ఆ "గారు" చెప్పుతో కొట్టినట్టుంది. కొట్టావు, తిన్నాను.

నీ తిట్ల ఉత్తరం వచ్చిన సాయంత్రం కత్తెర షాపుకెళ్ళాను. కుర్చీలో కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగాను, జవాబు నా దగ్గర పెట్టుకోకుండా. "ఎనిమిదింటికి బారు మూయించే ఆవిడకి నువ్వు కూడా వేశావా, వేస్తే ఎందుకురా?"

కత్తి ఆపి అన్నాడు, "ఎనిమిదింటికి మూస్తే ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉంటాను. నా అంతట నేను లేవలేనని ఇరవై రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నావు కదా. నువ్వు లెమ్మనవు, నీకది పని. ఎవరో ఒకరు లేపాలి."

అంతే. మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. కత్తి నా గొంతు మీద ఉంది, నేను కదల్లేదు.

బారు ఇప్పుడు ఎనిమిదింటికే మూస్తున్నాం. ఓనరు ఒకర్ని తీసెయ్యాలంటున్నాడు, ఆ ఒకరు నేనే కావచ్చు. అది వదిలెయ్యి. నువ్వు మాత్రం తొందరపడి ఉద్యోగం పారెయ్యకు. వాళ్ళందరూ కలిసి బట్టీ పట్టింది దానికోసం. నా మీద కోపం ఉంటే నా మీదే తీర్చుకో. ఎన్ని "గారు"లైనా పెట్టు.

మావయ్య

—

మే 4

మావయ్యా,

పెద్దసారుకి అంతా చెప్పేశాను. పరీక్షలు, కట్ట, నువ్వు, పెరడు, బట్టీ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని అన్నాడు, "ఎందుకు చెప్పావు? కాగితాలు కలిశాయి కదా."

"నేను అడగలేదండీ."

"ఎవరడిగారన్నది ఎవడిక్కావాలి? బుడగవి కలవలేదు, నీవి కలిశాయి. తేడా అంతే." నిజంగా అంతే అన్నాడు. నీకంటే ఘనుడు మావయ్యా, నువ్వు కనీసం వాళ్ళ మొహాలైనా చూసి ఈసడించుకున్నావు. ఉద్యోగం కాగితం ఆయన బల్ల మీద పెట్టి, ఆ నలభైలోంచి నా సంతకం కొట్టెయ్యమన్నాను. అప్పుడు కోపమొచ్చింది. ఉద్యోగం, మా నలుగురిలో ఎప్పుడూ పెన్సిళ్ళు చెక్కుతూ కూర్చునే అమ్మాయికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి కాగితాల నిండా "అవును, కాదు, తెలియదు" అని నవ్వేదాన్ని. ఆ అమ్మాయి ప్రతి మెట్టూ ఎక్కి దిగి తెచ్చిన "తెలియదు"లు అవి.

బుడగ గది కనుక్కుని వెళ్ళాను. క్షమించమని అడుగుదామని మంచి వాక్యం ఒకటి తయారుచేసుకున్నాను. నన్ను చూడగానే మొహం మీద తలుపేశాడు. తలుపు బయట నిలబడి ఆ వాక్యం గుర్తు చేసుకుంటే, అది కూడా నోటుబుక్కు కోసం రాసిందే అనిపించింది.

పెద్దసారు చివరికి ఒక మాటన్నాడు. మా జోస్యం మన వార్డులో ఎందుకు తప్పిందో డబ్బిచ్చినవాళ్ళు అడుగుతున్నారట. "నలభై ఖాళీ కాగితాలు తీసుకెళ్ళు. ఈసారి నువ్వే అడుగు. తెస్తే ఇంకో మూడు నెలలు తాత్కాలికం. తేకపోతే ఇంటి దగ్గరే ఉండిపో." జాలితో కాదు, ఆ ఎండలో పోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

తొమ్మిదో తారీఖు పొద్దున్న దిగుతాను. వాళ్ళు నాతో మాట్లాడతారో, సోడా సీసా విసురుతారో తెలియదు. నువ్వు పక్కన నిలబడి ఎవరి తరఫునా చెప్పకు. సైగ కూడా చెయ్యకు. నిన్నూ అడుగుతాను, నువ్వూ ఆ వార్డులో ఓటరువే. నువ్వు ఎవరికి వేశావో, ఎందుకు వేశావో, ఆ వేడినీళ్ళు ఎందుకు తాగుతావో ఇన్నేళ్ళలో నేనూ అడిగి ఎరగను.

జవాబు నాకు ముందే తెలుసనుకోకుండా రావాలని చూస్తున్నాను. రైలు టిక్కెట్టు కోసం వరసలో నిలబడినంతసేపూ ముందున్నవాళ్ళ మెడలు చూసి ఎవరెలాంటివాళ్ళో తేల్చేస్తూనే ఉన్నాను. కష్టంగానే ఉంది. నీ మేనకోడల్ని కదా.